మూత ఒకరిది, ముఖం ఇంకొకరిది

ఆవిణ్ణి వీధిలో అందరూ పళ్ళక్క అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, చేతిలో సంచీతో గుమ్మంలోకి వచ్చి, "మంచి పళ్ళేమున్నాయండీ?" అని అడిగిన సందర్భాలూ లేకపోలేదు. ఆవిడ పళ్ళు వేరు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో కూర్చుని, మనుషుల నోళ్ళ అచ్చులు ముందు పెట్టుకుని, మైనంతో చిగుళ్ళు తీర్చి, వాటిలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి కట్టుడు పళ్ళ సెట్లు చేసేది. ఆ చుట్టుపక్కల ఎవరివి సొంత పళ్ళో, ఎవరివి పెట్టుడు పళ్ళో ఆవిడకు తెలిసినంతగా వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకు కూడా తెలియదు. కానీ ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు. "నా పని వాళ్ళ నోట్లో, వాళ్ళ పరువు నా నోట్లో" అనేది, అంతే.

గడియారాల పిచ్చి ఆవిడకు అనుకోకుండా పట్టుకుంది. ఒక ఆదివారం పాత సామాన్ల సంతకు కొళాయి కోసమని వెళ్ళింది. అక్కడ టార్పాలిన్ మీద తాళాలు, రేడియోలు, తలుపు బందులు పరచుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆయన్ని అందరూ తుక్కు బాబాయ్ అంటారు. ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఆగిపోయిన చేతిగడియారాలున్నాయి. ఒకదానికి వెనక మూత ఊడిపోయి ఉంది. లోపల చక్రాలు కనిపించాయి. ఒక్కొక్క చక్రం చుట్టూ వెంట్రుకవాసి తేడా లేకుండా పళ్ళు. పళ్ళక్క కొళాయి మాట మరిచిపోయింది.

"రష్యావి అమ్మా అవి. మొండి ఘటాలు" అన్నాడు బాబాయ్. "చావమన్నా చావవు. షోకు లేదని ఎవడూ కొనడు. అందుకే చవక."

ఆవిడ ఒకటి తెచ్చుకుంది. కట్టుడు పళ్ళు శుభ్రం చేసే నీళ్ళ యంత్రంలో, డాక్టరు గారు లేనప్పుడు, దాని చక్రాలు కడిగింది. గడియారం పైన అద్దం నిజానికి అద్దం కాదు, ప్లాస్టిక్కు. గీతలు పడి మసకబారిన ఆ ప్లాస్టిక్కును పళ్ళకు మెరుగు పెట్టే ముద్దతోనే రుద్దితే కొత్తదానిలా మెరిసింది. సూదిమొనతో నూనె పెట్టి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుంది. టిక్కుటిక్కుమంది. అంతే, ఆ వారం నుంచి సంత తప్పలేదు.

భర్త స్కూలు బస్సు నడిపేవాడు. నెమ్మదైన మనిషి, కానీ టైము విషయంలో మాత్రం నిప్పు. "ఇంటి నిండా గడియారాలే. టైమెంతో మాత్రం పక్కింటివాళ్ళని అడగాలి" అని దెప్పేవాడు. ఒకరోజు పొద్దున్నే తొందరలో చేతికందిన గడియారం పెట్టుకుని వెళ్ళాడు. అది రోజంతటికీ ఒక్కసారే తిరిగే ముల్లున్న గడియారం. పన్నెండు ఉండాల్సిన చోట ఇరవై నాలుగు ఉంటుంది. దారిలో చూస్తే ముల్లు మామూలుగా నాలుగు ఉండే చోట ఉంది. మధ్యాహ్నం దాటిపోయిందనుకుని బస్సు పక్కకు ఆపి, పిల్లల్ని ఇళ్ళకు తిప్పి తీసుకెళ్ళాలా, బడికి తీసుకెళ్ళాలా అని కాసేపు తలపట్టుకుని కూర్చున్నాడట. పిల్లలు మాత్రం ఇంటికే అని కేకలు వేశారట. ఆ తర్వాత ఆయన భార్య గడియారాల జోలికి పోలేదు.

ఇదంతా ఒక ఎత్తు. పొబేదా ఒక ఎత్తు.

పొబేదా అంటే రష్యావాళ్ళ భాషలో విజయం అట, అది ఆ రకం గడియారాల పేరు. సన్నటి స్టీలు గడియారం, మీగడ రంగు డయలు, కింద సెకన్లకు విడిగా చిన్న ముల్లు. నాలుగు అంకె పక్కన కందిగింజంత గోధుమరంగు మచ్చ ఉంది. వెనక మూత మీద రెండు వరుసలు రష్యా అక్షరాలు చెక్కి ఉన్నాయి. తుక్కు బాబాయ్ కొత్తగా తెచ్చిన సంచీలో అడుగున దొరికింది. పళ్ళక్క దాన్ని విప్పి, కడిగి, విరిగిపోయిన స్ప్రింగు ఒక పాత గడియారంలోంచీ, లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఇంకొకదానిలోంచీ తీసి వేసి నడిపించింది. చాలా ఇష్టపడింది. అమ్మలేదు, డబ్బాలో పెట్టలేదు. చేతికే పెట్టుకుంది.

ఆ రోజుల్లో ఒక పెద్దాయన పళ్ళు కట్టించుకోవడానికి క్లినిక్కుకు వచ్చేవాడు. ఒకప్పుడు అచ్చుకూటంలో సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. మైనం సెట్టు ఒకసారి నోట్లో పెట్టి చూడాలని డాక్టరు గారు పళ్ళక్కను పిలిచారు. ఆవిడ చేతి గడియారం తీసి, ట్రేలో బోర్లా పెట్టి, చేతులు కడుక్కుంది. తిరిగి చూసేసరికి పెద్దాయన కుర్చీలోంచి సగం లేచి, బోసినోటితో ఏదో అంటున్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

"ఇథి... మా అన్నయ్యథి..."

"ఎక్కడండీ? ఎక్కడ గుచ్చుకుంటోంది?" అంది ఆవిడ కంగారుగా.

"గుచ్చుకోవథం కాథమ్మా!" అని ఆయన గడియారం వైపు వేలు చూపించాడు.

నోట్లో సెట్టు పెట్టాక గానీ మాట తేటపడలేదు. ఆయన అన్నయ్య ఒక యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. అక్కడ కొన్నాళ్ళు ఉండి పనులు నేర్పిన రష్యా ఇంజనీరు ఒకాయన, తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గడియారం మీద రాత చెక్కించి అన్నయ్యకు ఇచ్చాడట. "మంచి పనివాడికి" అని దాని అర్థం. అన్నయ్య పోయాక గడియారం తమ్ముడి దగ్గరుందని వదిన అనుకుంది, వదిన దగ్గరుందని తమ్ముడు అనుకున్నాడు. రిపేరుకని ఇచ్చిన దుకాణంలోనే అది ఉండిపోయిందని ఇద్దరికీ తట్టలేదు.

ముసలివాళ్ళు ఏవేవో అనుకుంటారు కదా అని పళ్ళక్కకు కాస్త అనుమానం వచ్చింది. పెద్దాయన అది పసిగట్టి ఒక కాగితం అడిగి, గడియారం వైపు చూడకుండా, మూత మీది రాత ఇదీ అని కాగితం మీద ఏవో గీతలు గీశాడు. ఆవిడ ఆ కాగితాన్నీ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క అక్షరమూ కలవలేదు. పాపం అనుకుంది. డాక్టరు గారే నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని కాగితం పక్కన ఆనించారు. అద్దంలో అక్షరాలు అచ్చంగా మూత మీద ఉన్నట్టే ఉన్నాయి. జీవితమంతా సీసపు అక్షరాలు తిరగేసి పేర్చిన చెయ్యి, వాటిని కూడా తిరగేసే గుర్తు పెట్టుకుంది.

"ఇంకొకటి కూడా చెబుతానమ్మా. మూత లోపలి వైపు చిన్న చేప బొమ్మ ఉంటుంది. మా అన్న సూదితో గీశాడు. చూడు."

చూడక్కర్లేదు. కడిగేటప్పుడే ఆవిడ ఆ చేపను చూసింది. ఎవరో రిపేరువాడి గుర్తనుకుంది.

గడియారాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి డయలు చూశాడు. ముఖం కాస్త ముడుచుకుంది. "మా అన్నది నల్ల డయలు కదా..." అని గొణిగాడు. "ఏమోలే. కళ్ళూ పళ్ళలాగే అయ్యాయి." తర్వాత చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఇదే చప్పుడు" అన్నాడు.

కొంచెం వెనకబడుతోంది, సరిచేసి మీ పళ్ళతో పాటే ఇస్తానని చెప్పి పళ్ళక్క దాన్ని తన దగ్గరే ఉంచుకుంది. అది నిజమే. కానీ నల్ల డయలు అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

రెండో సంగతి ఆ వారంలోనే జరిగింది. వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ ఉంది. భర్త వెల్డింగు పని చేసేవాడు, జబ్బు చేసి పోయాడు. పళ్ళక్క బట్టల మూట ఇస్తుంటే ఆవిడ ఇస్త్రీపెట్టె బట్ట మీదే ఆపేసి, మణికట్టు పట్టుకుంది.

"అక్కా! ఈ గడియారం నీకెక్కడిది?"

"సంతలో కొన్నా. ముందు ఆ పెట్టె ఎత్తు, చొక్కా కాలుతోంది!"

పెట్టె ఎత్తింది గానీ చెయ్యి వదల్లేదు. "ఇది మా ఆయనది. పనిచేస్తుంటే నిప్పురవ్వ పడి, అద్దం కరిగి, డయలు మీద మచ్చ పడింది. రోజూ ఆ చెయ్యి నా మెడ కింద పెట్టుకునే పడుకున్నానక్కా, ఈ మచ్చ నాకు తెలియదా?"

పళ్ళక్క మచ్చ వైపు చూసుకుంది. ఇస్త్రీ ఆవిడ తనే అంది. "నమ్మకపోతే అద్దం తీసి చూడు. రెండు అంకె పైన అంచులో రంగు లేచిపోయి ఉంటుంది. కరిగిన అద్దాన్ని ఆయనే స్క్రూడ్రైవరుతో పెకలించాడు. నేను వద్దంటున్నా వినలేదు."

అదీ నిజమే. అద్దం కింద దాక్కున్న ఆ గీత పళ్ళక్కకు తెలుసు.

"మరి వెనకాల ఏమైనా రాసి ఉండేదా?"

"ఏ రాతా లేదు. నున్నగా ఉండేది." ఆవిడ గడియారం తిప్పి చూసి, రష్యా అక్షరాలను వేలితో రుద్దింది, చెరిగిపోతాయేమో అన్నట్టు. "ఇవెవరు రాశారక్కా? చచ్చిపోయిన మనిషి గడియారం మీద ఎవరు రాశారు?"

రిపేరుకు ఇచ్చాక భర్తకు జబ్బు చేసిందట. కోలుకుని తెచ్చుకుందామనుకునే లోపు ఆ దుకాణం మూతపడిందట.

పళ్ళక్క ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆవిడకే తెలియదు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ఇద్దరూ చెప్పిన గుర్తులు ఉన్నాయి. ఇద్దరిదీ ఒకటే గడియారం ఎలా అవుతుంది? ఒకరి తర్వాత ఒకరు వాడారనుకుందామంటే ఒకరిది నల్ల డయలు, ఇంకొకరిది నున్నటి మూత. ఆదివారం తెల్లవారగానే తుక్కు బాబాయ్ ముందు వాలింది.

ఆయన పళ్ళపుల్ల నములుతూ అంతా విన్నాడు. "ఇందులో వింతేముందమ్మా? ఆ సంచీ మూసేసిన రిపేరు దుకాణం నుంచి వచ్చింది. ఆ మేస్త్రీ దగ్గర ఒకటే రకం గడియారాలు పది పడి ఉంటాయి. ఒకటి బతకాలంటే ఇంకోదాని కాలో చెయ్యో తియ్యాలి. దీని మూత దానికి, దాని ముఖం దీనికి."

"అడక్కుండా అలా ఎలా మారుస్తారు బాబాయ్?"

"నువ్వెవర్ని అడిగి మార్చావు?"

ఆ మాట సూదిలా దిగింది. స్ప్రింగు తనే మార్చింది. ఊగే చక్రం తనే మార్చింది. ముళ్ళు కూడా, తుప్పు పట్టాయని, ఇంకో పొబేదావి పీకి పెట్టింది. ఆ పీకినవి ఎవరివో? ఎవరి చేతి మీద ఉండేవో? ఆ ఆలోచన ఇన్నాళ్ళూ ఒక్కసారైనా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్కులో జనం పలచబడ్డాక, తెల్లకాగితం పరచి గడియారాన్ని మొత్తం విప్పింది. మూత పెద్దాయనది. డయలు ఇస్త్రీ ఆవిడది. అక్కడిదాకా బాగానే ఉంది. మరి లోపలి యంత్రం? బయటి చట్రం? కీ ఇచ్చే పిడి? భూతద్దం పెట్టి ఎంత చూసినా ఏ చక్రమూ తన యజమాని పేరు చెప్పలేదు. తను మార్చినవి తీసేసి చూద్దామంటే, అవి లేకపోతే అది నడవదు. నడవకపోతే అసలు గడియారమేనా? తిరిగి బిగించింది. మళ్ళీ విప్పింది. డాక్టరు గారు వచ్చి, "ఏమ్మా, దిగువ సెట్టు అయిందా?" అంటే, "ఎవరిదండీ?" అంది. ఆయన ఆవిడ ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన అన్నం తింటూ విని, "దీనికి ఇంత బుర్ర చెడగొట్టుకోవాలా? ఇద్దరికీ చెరొకటి చేసిచ్చెయ్. నీ దగ్గర కుప్పలున్నాయిగా. వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు.

"వాళ్ళకే తెలుస్తుందండీ. నాకే తెలియట్లేదు."

చివరికి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఇద్దర్నీ తన పళ్ళ గదికి పిలిచింది. చుట్టూ అరల్లో ప్లాస్టరు దవడలు, నోళ్ళు తెరుచుకుని. పెద్దాయన కొత్త పళ్ళతో వచ్చాడు. ఇస్త్రీ ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఒకరికొకరు తెలియదు. పళ్ళక్క మూత విప్పి, డయలు తీసి, వేరువేరుగా కాగితం మీద పెట్టి చెప్పింది. ఇది మీది, ఇది నీది. మిగతాది ఎవరిదో నాకు తెలియదు. కొంత నేనే మార్చాను.

పెద్దాయన మూత వైపు చూడనైనా చూడలేదు. "అయితే ఆ చప్పుడు? నేను చెవిలో పెట్టుకుని విన్నానే. అది మా అన్న గడియారం చప్పుడే."

"చప్పుడు చేసే చక్రం నేను వేసిందేనండీ. ఇంకో గడియారంలోది."

"తీగ మార్చినంత మాత్రాన వాయిద్యం మారిపోతుందా అమ్మా?"

"వాయిద్యం ఎవరిదో కూడా తెలియదు కదండీ."

ఆయన కొత్త పళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. పళ్ళక్కకు తను ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతోందో, చెప్పడం మంచో చెడో అర్థం కాలేదు. నోరు మూసుకుని ఇచ్చేసి ఉంటే పోయేది కదా అనిపించింది. మరుక్షణం, అదెలా కుదురుతుంది అనీ అనిపించింది.

గుమ్మంలోంచి ఇస్త్రీ ఆవిడ అంది, "ఆ చప్పుడు పెద్దాయన్నే తీసుకోనివ్వక్కా. మా ఆయనది సరిగ్గా కొట్టుకునేదే కాదు. మూడు రోజులు నడిస్తే ఆరు రోజులు ఆగేది. నాకు ముఖం చాలు."

అలా యంత్రం, మూత పెద్దాయన వంతుకు వచ్చాయి. ఇక దానికి డయలు కావాలి. పళ్ళక్క తన డబ్బాలన్నీ వెతికి ఒక నల్ల డయలు తీసింది. అదీ ఆ సంచీలోదే. బిగించి ఇచ్చింది. పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"మా అన్నది ఇదేనామ్మా?"

తెలియదు అనబోయింది. ఆయన ముఖం చూసింది. అవును అనడానికీ నోరు రాలేదు.

"కావచ్చండీ" అంది.

"కావచ్చు" అన్నాడు ఆయన కూడా, నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు. పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మచ్చ ఉన్న డయలును ఇంకో యంత్రానికి బిగించి, నున్నటి మూత వేసి ఇస్త్రీ ఆవిడకు ఇచ్చింది. ఆవిడ దాన్ని చేతికి పెట్టుకోలేదు. ఇస్త్రీబల్ల ఎదురుగా మేకుకు తగిలించింది. అంత ఆవిరికి నూనె ఎండిపోతుందని, ప్లాస్టిక్కు వంకరపోతుందని పళ్ళక్క చెప్పి చూసింది.

"ఆయనకి వేడి అలవాటేలే అక్కా" అంది ఆవిడ, చొక్కా కాలరు తిప్పుతూ.

పెద్దాయన గడియారం చలికాలం వచ్చేసరికి బాగా వెనకబడింది. సరిచేస్తాను ఇవ్వమంటే, చేతిని వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా. నువ్వు మళ్ళీ ఏదో మార్చేస్తావు." ఇప్పుడు ఆయన క్లినిక్కుకు ఎప్పుడొచ్చినా అపాయింట్‌మెంటు దాటిపోయాకే వస్తాడు. ఆలస్యమైందని డాక్టరు గారు అంటే, గడియారం చూపించి, "నాకింకా కాలేదండీ" అంటాడు.

పళ్ళక్క గడియారాల పని మాత్రం కుంటుపడింది. ఒకదాన్ని బాగు చెయ్యాలంటే ఇంకొకదాన్ని విప్పాలి. విప్పబోతే చెయ్యి ఆగిపోయేది. ఆగిన గడియారాలు ఆగినట్టే అరలో పేరుకున్నాయి. భర్త, "ఇప్పుడైనా ఇంట్లో ప్రశాంతంగా ఉంది" అన్నాడు గానీ, రెండు నెలలు గడిచేసరికి ఆయనే, "ఏం, మానేశావా?" అని రెండు మూడుసార్లు అడిగాడు.

మళ్ళీ సంతకు వెళ్ళింది. తుక్కు బాబాయ్ కొత్త సంచీ కుమ్మరించాడు.

"ఇవెక్కడివి బాబాయ్? ఎవరివి?"

"అబ్బ, మళ్ళీ మొదలుపెట్టావా! అయినా ఒకటడుగుతా చెప్పు. నువ్వు కట్టే పళ్ళు ఎవరివి? చేసిన నీవా, నమిలేవాళ్ళవా?"

ఆవిడ కుప్ప ముందు కూర్చుంది. దోసెడు ఏరుకుని వచ్చింది. ఈసారి ఏ గడియారం సామాను దానికే ఉండాలని, కట్టుడు పళ్ళు పెట్టి ఇచ్చే చిన్న ప్లాస్టిక్కు డబ్బాలు వరసగా పేర్చుకుంది. మొదటి గడియారం మూత తీసింది. లోపలి అంచున మూడు రకాల చేతిరాతల్లో రిపేరువాళ్ళ గీతలున్నాయి. స్క్రూలు రెండు నీలంగా, ఒకటి తెల్లగా. ఒక చక్రం కొత్తగా మెరుస్తోంది, దాని పక్కది అరిగి నల్లబడి ఉంది. ఏది ఏ డబ్బాలో వెయ్యాలో తెలియక, పట్టకారు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ముందు గదిలోంచి డాక్టరు గారు పిలిచారు. ఎవరో కొత్త సెట్టు నొక్కుకుంటోందంటున్నారట. పళ్ళక్క చక్రాల మీద గిన్నె బోర్లించి, లేచి వెళ్ళింది.